రూపాయికి 8 పైసలు: లైబ్రరీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్ ముందు సంగతి. అశోక్‌నగర్‌లో మేముండే హాస్టల్ మెస్‌లో రొట్టెలు చేసే అక్క ఫోన్ పట్టుకుని వచ్చింది. "బ్యాంకోళ్ల మెసేజ్ అచ్చింది, జర సదివి చెప్పు బిడ్డా" అంది. చదివి చెప్పాను. ఖాతాలో డబ్బులు పడ్డాయని మెసేజ్. ఆమె సంతోషపడి వెళ్లబోతూ ఆగి, "గీ గల్లీల అందరు సదువుకునేటోళ్లే. నాకు గూడ నేర్పిస్తరా?" అని అడిగింది.

నిజమే కదా. అశోక్‌నగర్ అంటేనే చదువు. గ్రూప్స్ కోచింగులు, జిరాక్స్ షాపులు, స్టడీ హాళ్లు. నాలుగడుగులు వేస్తే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. ఆ గల్లీలోనే రోజూ వంద మందికి వండిపెట్టే మనిషి తన ఫోన్‌లో వచ్చిన మెసేజ్ తను చదువుకోలేకపోతోంది.

మన క్లబ్ మీటింగ్‌లో ఈ మాట చెప్తే అందరూ ఉత్సాహపడ్డారు. సాయంత్రం ఒక గంట క్లాసు, చుట్టుపక్కల హాస్టళ్లలో పనిచేసేవాళ్లకీ వాళ్ల పిల్లలకీ ఒక చిన్న పుస్తకాల గది. "డబ్బులెక్కడివి?" అని ఒకరు అడిగితే, "గ్రాంట్లు ఉంటాయిగా" అని ఇంకొకరు అన్నారు. రెండు రాత్రులు కూర్చుని 14 పేజీల ప్రపోజల్ రాసి ఒక కంపెనీకి పంపాం. సాహిత్య క్లబ్ కదా, భాషకు లోటు లేదు. మొదటి మూడు పేజీలు అక్షరం గొప్పదనం మీదే.

జవాబు రెండు లైన్లలో వచ్చింది. మీ సంస్థ రిజిస్ట్రేషన్, 12ఏ, 80జీ, సీఎస్ఆర్-1 నంబర్లు పంపండి అని. వాటిలో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. కొన్ని పేర్లు వినడం కూడా అదే మొదటిసారి. తప్పు వాళ్లది కాదు, మాదే. అప్పట్నుంచి ఈ లైబ్రరీ డబ్బుల దారులు వెతుకుతూ తెలుసుకున్నవే ఈ వ్యాసం. రేపు మీ ఊళ్లో ఎవరైనా "లైబ్రరీ పెడదాం" అంటే మాలాగా 14 పేజీలు రాయకుండా ఉండటానికి పనికొస్తుంది.

మొదటి డబ్బు మన ఇంటి పన్నులోనే ఉంది

గ్రాంట్ అనగానే మనకు ఎవరో దాత గుర్తొస్తాడు. కానీ తెలంగాణలో పబ్లిక్ లైబ్రరీలకు వచ్చే మొదటి డబ్బు దానం కాదు, పన్ను. పేరు గ్రంథాలయ సెస్సు. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు. హైదరాబాద్‌లో ఇంటి పన్ను లెక్క కట్టాక దానిమీద 8 శాతం లైబ్రరీ సెస్సు కలుపుతారు. అంటే ఏడాదికి 6,000 రూపాయల పన్ను పడే ఇంటి నుంచి లైబ్రరీలకు 480 రూపాయలు వెళ్లాలి. అద్దెకుంటున్నాం కదా, మాకేంటి అనుకోకండి. హాస్టల్ ఓనరు కట్టే పన్ను మన ఫీజులోంచే కడతాడు.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. స్వతంత్ర భారతంలో మొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది, ఎస్.ఆర్. రంగనాథన్ చొరవతో. హైదరాబాద్ రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడ కూడా అదే చట్టం కొనసాగుతోంది. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, హైదరాబాద్‌కు నగర గ్రంథాలయ సంస్థ, వాటికి సెస్సు ఆదాయం. చూడటానికి చక్కటి డిజైన్. లైబ్రరీ ఎవరి దయమీదా బతకక్కర్లేదు, ఊరు పెరిగితే పన్ను పెరుగుతుంది, పన్ను పెరిగితే పుస్తకాలు పెరుగుతాయి.

చిక్కు ఎక్కడుందంటే, సెస్సు వసూలు చేసేది లైబ్రరీ కాదు. మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ ఆలస్యమవుతుందనీ, బకాయిలు పేరుకుపోతున్నాయనీ పేపర్లలో చాలా ఏళ్లుగా చదువుతూనే ఉన్నాం. మన ఫ్లాట్‌మేట్ కరెంటు బిల్లు డబ్బులు అందరి దగ్గరా తీసుకుని కట్టడం మర్చిపోతే ఏమవుతుందో ఇక్కడా అదే. ఇచ్చినవాళ్లకు ఇచ్చామనే ఉంటుంది, ఫ్యాన్ మాత్రం తిరగదు.

కాబట్టి మన మొదటి "గ్రాంట్ అప్లికేషన్" నిజానికి ఒక ప్రశ్న. మా ఏరియాలో ఈ ఏడాది లైబ్రరీ సెస్సు ఎంత వసూలైంది, అందులో ఎంత జమ అయింది? 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో ఈ ప్రశ్న అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. జీహెచ్ఎంసీ ప్రధాన కార్యాలయం ఎక్కడో లేదు, బషీర్‌బాగ్ దాటి లిబర్టీ వైపు వెళ్తే అక్కడే. 14 పేజీలు అక్కర్లేదు, నాలుగు లైన్లు చాలు.

ఒకసారి చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి కాసేపు నిలబడి చూడండి. కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వాళ్లకు కావాల్సింది ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఒక లైటు, ఎవరూ లేపని ఒక మూల. పదిమంది ఉండే రూములో చదవడం కుదరనివాడికి అదే పెద్ద గ్రాంటు. లైబ్రరీ డబ్బు అంటే పుస్తకాల డబ్బే అనుకునేవాణ్ణి. అక్కడ కూర్చున్నాక ఆ లెక్క మారింది.

సెస్సు లేని రోజుల్లో

చట్టాలు రాకముందు ఏం చేశారు? దీనికి జవాబు కూడా మన దగ్గర్లోనే ఉంది. నారాయణగూడ నుంచి బషీర్‌బాగ్ మీదుగా కోఠి వైపు వెళ్తే సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1901 సెప్టెంబరు 1న పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివాళ్లు పూనుకున్నారు. మొదట రంగారావు ఇంట్లోనే మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి సర్కారు సాయం లేని కాలం. చందాలు, దాతల డబ్బు, జీతం తీసుకోని కార్యదర్శులు, వీటితోనే నిలబడింది. 2026తో ఆ సంస్థకు 125 ఏళ్లు. మనలో ఎంతమందిమి కోఠికి సెకండ్‌హ్యాండ్ పుస్తకాల కోసం వెళ్లి, ఆ గేటు ముందు నుంచే నడిచి వచ్చేశామో.

1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు తానే మోసుకుని తిరిగి అమ్మేవారు. అటు కోస్తాలో 1930లలో పాతూరి నాగభూషణం పడవ మీద లైబ్రరీ నడిపించారు, కాలువ పక్క ఊళ్ల కోసం. వీళ్లెవరూ ఫండ్ వచ్చాక మొదలుపెట్టలేదు. మొదలుపెట్టాక డబ్బు వెతుక్కున్నారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ఇప్పటి గ్రాంట్ల రూల్స్ కూడా ఇదే అడుగుతాయి.

కలకత్తా ఇచ్చేది

కేంద్రం వైపు నుంచి లైబ్రరీలకు సాయం చేసే ముఖ్యమైన సంస్థ రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్. ఆయన ద్విశతజయంతి సంవత్సరం 1972లో పెట్టారు. ఆఫీసు కలకత్తాలో, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేస్తుంది.

దాని పథకాలు రెండు రకాలు. మొదటిది మ్యాచింగ్. రాష్ట్రం తన వాటా వేస్తే ఫౌండేషన్ తన వాటా వేస్తుంది. పుస్తకాలు, బీరువాలు, కంప్యూటర్లు, భవనాలు, మొబైల్ లైబ్రరీల వంటివి ఇందులో వస్తాయి. రాష్ట్రం వాటా వేయకపోతే ఆ ఏడాది అటు డబ్బూ కదలదు. రెండోది నాన్ మ్యాచింగ్. ఫౌండేషనే సొంతంగా ఇస్తుంది. లైబ్రరీ నడిపే స్వచ్ఛంద సంస్థలకు సాయం, పిల్లల విభాగాలు, 50, 75, 100 ఏళ్లు పూర్తి చేసుకున్న లైబ్రరీల ఉత్సవాలు ఇటు వస్తాయి. అయితే అప్లికేషన్ నేరుగా కలకత్తాకు పోస్టు చేసేస్తే అయ్యేది కాదు. రాష్ట్ర గ్రంథాలయ శాఖ సిఫారసుతో వెళ్లాలి. ఇప్పటికే నడుస్తున్న, రిజిస్టరైన సంస్థ అయి ఉండాలి. "పెట్టబోతున్నాం" అంటే కుదరదు, "నడుపుతున్నాం" అనాలి.

ఈ మ్యాచింగ్ ఐడియా మనది మాత్రమే కాదు. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 1883 నుంచి 1929 వరకు ప్రపంచంలో 2,509 లైబ్రరీలకు డబ్బిచ్చాడు. ఆయన షరతు ఒకటే. స్థలం ఊరిది, భవనం నాది, కానీ నేనిచ్చిన మొత్తంలో పదో వంతు ప్రతి ఏడాదీ నిర్వహణకు మీ ఊరే పెడతానని రాసివ్వాలి. అంటే 10 లక్షలు కావాలంటే ఏటా లక్ష మేం పెడతాం అని ఒప్పుకోవాలి. కొన్ని ఊళ్లు ఈ షరతుకు భయపడి వద్దన్నాయి కూడా. భవనం కట్టడం తేలిక, రోజూ తలుపు తీయడం కష్టమని ఆయనకు తెలుసు.

కంపెనీల 2 శాతం

మనం ముందు తట్టిన తలుపు ఇది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. ఏ పనులకు పెట్టొచ్చో ఏడో షెడ్యూల్‌లో ఉంటుంది. విద్య గురించి ఉందని అందరికీ తెలుసు. కానీ అదే షెడ్యూల్‌లో వారసత్వం, కళలు, సంస్కృతి అనే అంశం కింద "పబ్లిక్ లైబ్రరీలు పెట్టడం" అని విడిగా పేరుపెట్టి రాసి ఉంది. ఇది చాలామంది చూడరు. ప్రపోజల్‌లో ఆ అంశం నంబర్ ఒక్కటి రాస్తే, మా మూడు పేజీల అక్షర మహిమ కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఎందుకంటే అది చదివే ఉద్యోగి రేపు తన బోర్డుకు చూపించాల్సింది అదే.

ఇక ఆ నంబర్ల సంగతి. 12ఏ అంటే సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్. 80జీ ఉంటే దానం ఇచ్చినవాళ్లకు పన్నులో తగ్గింపు వస్తుంది. సీఎస్ఆర్-1 అనేది 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన ఫారం. సీఎస్ఆర్ డబ్బు తీసుకునే ప్రతి సంస్థా ముందు అందులో నమోదు కావాలి. దానికి తోడు ఆ తరహా పనిలో మూడేళ్ల అనుభవం అడుగుతారు. తెలంగాణలో సొసైటీ రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురు మనకు దొరుకుతారు. మూడేళ్లే దొరకవు, అప్పటికి అందరం పాసైపోతాం.

అమెరికాలో ఉన్న సీనియర్లు పంపిస్తారులే అనుకుంటే అక్కడా ఒక మెలిక ఉంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న అన్న తన సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అదే అన్న అక్కడి పౌరసత్వం తీసుకున్నాక ఇస్తే విదేశీ విరాళమే. అప్పుడు తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండాలి. తెలియక తీసుకుంటే సాయం చేసినవాళ్లూ మనమూ ఇద్దరమూ ఇబ్బందిపడతాం.

అక్షరాస్యతకు వచ్చేది

పుస్తకాల గది ఒకటి, చదవడం నేర్పడం ఇంకొకటి. వీటి డబ్బు వేర్వేరు శాఖల నుంచి వస్తుంది. పెద్దవాళ్ల చదువుకు ఇప్పుడున్న కేంద్ర పథకం ఉల్లాస్, నవభారత్ సాక్షరతా కార్యక్రమం. 2022 నుంచి 2027 వరకు. మొత్తం 1,037.90 కోట్లు. 15 ఏళ్లు దాటిన 5 కోట్ల మందికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలని లక్ష్యం. భాగిస్తే ఒక్కొక్కరికి సుమారు 208 రూపాయలు. మన ఒక్క పూట బిర్యానీ డబ్బుతో ఒక మనిషికి చదువు! ఇది ఎలా సాధ్యమంటే, చెప్పేవాళ్లకు జీతం లేదు. పథకం మొత్తం వాలంటీర్ల మీదే నడుస్తుంది. యాప్‌లో వాలంటీర్‌గా పేరు నమోదు చేసుకోవచ్చు, పాఠాలు అందులోనే ఉంటాయి, చివర్న నేర్చుకున్నవాళ్లకు పరీక్ష, సర్టిఫికెట్. అంటే ఇక్కడ గ్రాంట్ మనమే. మన సాయంత్రం గంటే ప్రభుత్వం లెక్కలో పెట్టుకున్న డబ్బు.

జీతం లేని పని మీద దేశం చదువు నడవడం న్యాయమా అంటే, నాకూ పూర్తిగా నచ్చదు. కానీ ఇలాంటి క్లాసులు ఏం చేయగలవో నెల్లూరు జిల్లాలో చూశాం. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో సారా గురించిన పాఠం చదివిన ఆడవాళ్లు దాని మీద మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో సారాను అడ్డుకున్నారు. అక్కణ్ణుంచి జిల్లాకూ రాష్ట్రానికీ పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పలక, లాంతరు ఖర్చుతో మొదలైన పని ప్రభుత్వాన్ని కదిలించింది.

ఒక్క పేజీలో ఏం రాయాలి

ఇన్ని దారులు చూశాక మాకు అర్థమైన సంగతి ఇది. ఎవరు ఇచ్చినా అడిగే ప్రశ్నలు ఐదే. ఎవరి కోసం? ఇప్పటిదాకా ఏం చేశారు? ఎంత కావాలి? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? మా డబ్బు అయిపోయాక ఎలా నడుస్తుంది? ఐదోదానికి మా 14 పేజీల్లో జవాబే లేదు.

మళ్లీ లెక్క వేసుకున్నాం. ఒక ఏడాదికి, ఒక చిన్న గదికి, గది ఎవరైనా ఉచితంగా ఇస్తే:

పుస్తకాలు 300, సగటున 120 రూపాయల చొప్పున 36,000.
రెండు బీరువాలు 16,000.
చాపలు, లైట్లు, బోర్డు 6,000.
రోజూ సాయంత్రం తలుపు తీసే మనిషికి నెలకు 5,000 చొప్పున 60,000.
రిజిస్టర్లు, బైండింగ్, చిల్లర ఖర్చు 6,000.
మొత్తం 1,24,000.

చూశారా, దాదాపు సగం మనిషికే. మొదటి ప్రపోజల్‌లో ఈ లైనే లేదు, "విద్యార్థులం మేమే చూసుకుంటాం" అని రాశాం. మిడ్ ఎగ్జామ్స్ వారం ఎవరు తలుపు తీస్తారు? సంక్రాంతికి అందరం ఊళ్లకు పోతే? ఇచ్చేవాళ్లకు వస్తువులు ఇవ్వడం ఇష్టం, బీరువా మీద పేరు రాయించుకోవచ్చు కదా. మనిషి జీతం మీద పేరు రాయలేరు. కానీ మూతబడిన చిన్న లైబ్రరీల్లో బీరువాలు ఉంటాయి, పుస్తకాలూ ఉంటాయి. తాళంచెవి ఉన్న మనిషే ఉండడు. అందుకే ఏ గ్రాంటుకు రాసినా ఆ లైను కొట్టేయనివ్వకండి. మొత్తం తగ్గించమంటే పుస్తకాలు తగ్గించండి. పుస్తకాలు అడిగితే ఎవరైనా ఇస్తారు.

ఇక నాలుగో ప్రశ్న, ఖాతా. స్టూడెంట్ క్లబ్‌కు సొంతంగా గ్రాంట్ తీసుకునే హోదా ఉండదు. కొత్త సొసైటీ పెట్టి మూడేళ్లు ఆగే కన్నా, ఇప్పటికే కాగితాలన్నీ ఉండి, లైబ్రరీ పని చేస్తున్న పాత సంస్థతో కలవడం మేలు. డబ్బు వాళ్ల ఖాతాలోకి, పని మన చేతుల్లోకి, లెక్క ఇద్దరి సంతకంతో. పాత లైబ్రరీలకు మనుషులు కావాలి, మనకు కాగితాలు కావాలి. ఇద్దరికీ లాభమే. కాలేజీ ఎన్ఎస్ఎస్ యూనిట్‌ను కూడా కలుపుకుంటే చేసిన గంటలకు రికార్డు ఉంటుంది.

ఇప్పుడు మేం

మాకు ఇంకా ఏ గ్రాంటూ రాలేదు. ఆ మాట దాచడం లేదు. కానీ ఎగ్జామ్స్ అయిన మర్నాటి నుంచే క్లాసు మొదలైంది, హాస్టల్ మేడ మీద, మెస్ పని అయిపోయాక రాత్రి తొమ్మిదికి. మొదటి వారం అక్క ఒక్కతే. ఇప్పుడు ఐదుగురు. రోజూ ఎవరు వచ్చారు, ఏం చెప్పాం అని ఒక రిజిస్టర్‌లో రాస్తున్నాం. ఎందుకంటే రెండో ప్రశ్నకు జవాబు ఆ రిజిస్టరే. పుస్తకాలు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నవి 40 దాకా ఉన్నాయి, పెద్ద అక్షరాల పిల్లల కథలు.

మొన్న అక్క చెల్లెలి ఇంటికి బస్సులో వెళ్లొచ్చింది. వచ్చీరాగానే, "బస్సు మీద బషీర్‌బాగ్ అని రాసుంటే సదివిన. 'ష' కాడ జర ఆగిన గని, సదివిన" అంది. 'ష' దగ్గర మనలోనూ చాలామంది ఆగుతారు అక్కా అని చెప్పాను.

మీరు చేయగలిగినవి మూడు. ఒకటి, మీ ఇంట్లో ఆస్తి పన్ను రసీదు తీసి లైబ్రరీ సెస్సు ఎంతో చూడండి, అమ్మానాన్నలకు చూపించండి. రెండు, ఆర్టీఐ అప్లికేషన్ మీద సంతకం చేయడానికి ఇద్దరు ముందుకు రండి. మూడు, వారానికి ఒక్క రాత్రి, ఒక్క గంట. ఫైనల్ ఇయర్ వాళ్లు వెళ్లిపోయేలోపు సెకండ్ ఇయర్ వాళ్లు నేర్చుకోవాలి, లేకపోతే ఐదో ప్రశ్నకు మా దగ్గర మళ్లీ జవాబు ఉండదు. చాపలు ఉన్నాయి, బోర్డు ఉంది. తొమ్మిదికి మేడ మీదికి వచ్చేయండి.